ట్యాంకు మూత ఎక్కడుంది?

మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు ఏ మూలకుందని అడిగితే మా జహీరాబాదులో ఇల్లు కట్టుకున్న ప్రతి ఆసామీ టక్కున చెప్తాడు. వాయవ్యంల ఉందంటాడు. ఈశాన్యంల పెడితే వంశానికి మంచిది కాదని వాస్తు పంతులు చెప్పిండంటాడు. గుంత తవ్వకముందే తాంబూలంలో పైసలు పెట్టి మూల అడిగొచ్చిన మనిషి అతను. అదే మనిషిని ఆ గుంత లోతెంత, లోపల గదులెన్ని, నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నయి, చివరిసారి ఎప్పుడు తీయించినవు అని అడిగి చూడండి. మొహం అటు తిప్పుకుంటాడు. "అవన్ని మేస్త్రీకి ఎరుక సార్" అంటాడు. మూత ఎక్కడుందయ్యా అంటే, దాని మీద టైల్స్ పరిపించిన, కనపడదు అంటాడు. కనపడకపోవటమే గొప్ప అన్నట్టు చెప్తాడు.

దేవుని గూటి కొలతలు అంగుళాలతో సహా చెప్పేవాడికి తన పెంట పోయే దారి తెలియదు. ఇది మరుపు కాదు. చదువు లేక కూడా కాదు. ఇట్లా చెప్పేవాళ్లలో ఇంజనీర్లున్నరు, లెక్చరర్లున్నరు, నాతోటి పంతుళ్లున్నరు. తెలియకుండా ఉండటం వాళ్ల హక్కు. తెలిసి ఉండటం మా డ్యూటీ. కులమంటే ఏందని నన్నెవరన్నా అడిగితే నేను మనుస్మృతి తీయను. టైల్స్ కింద పడిపోయిన ఆ మూత ఎక్కడుందో చూపించమంటాను.

నేను గవర్నమెంటు బడి పంతులును. మా ఇంట్ల డిగ్రీ గడప తొక్కిన మొదటోన్ని. మాదిగోన్ని. ఉద్యోగం వచ్చి టౌనుకు మారినప్పుడు కిరాయి ఇంటి కోసం తిరిగిన తిరుగుడు ఈ పుస్తకం చదివే చాలామందికి సొంత అనుభవమే, మళ్లీ రాయను. దానికంటే చిన్నదిగా కనిపించే ఇంకో సంగతి చెప్తాను.

నాతో పనిచేసిన ఒక సారు కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నడు. గృహప్రవేశానికి స్టాఫందరినీ పిలిచిండు, నన్ను మరిచిపోయిండు. మరిచిపోయినాయన చాలా ఏండ్ల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేసిండు.

"తమ్మీ, జర పని పడ్డది. ట్యాంకు నిండి లెట్రిన్లకెల్లి నీళ్లు మీదికొస్తున్నయి. మీ దిక్కు ఎవరన్న పిలగాండ్లుంటే పంపియ్యరాదు, ఎంతైతే అంతిస్త."

మీ దిక్కు అంటే ఏ దిక్కు? నేను సైన్సు చదివిన, బీఎడ్ చేసిన. నాకు తెలిసిన పిలగాండ్లలో అన్ని కులాలోళ్లున్నరు. ఆయన ఇద్దరు కొడుకులు కూడా నాకు తెలిసిన పిలగాండ్లే. వాళ్లను దింపుమంటే ఊకుంటడా?

"ట్యాంకరు బండి నంబరిస్త అన్నా, ఫోను చెయ్యి" అన్న.

"బండి వచ్చింది తమ్మీ. గుంజలేకపోయింది. అడుగుకు గట్టిగ అయ్యిందంట. మనిషి దిగి కెలకాలె అన్నడు."

గట్టిపడ్డదానిమీద పైనుంచే నీళ్లు కొట్టి, నాననిచ్చి, రెండు మూడు దఫాలుగ గుంజించుమని చెప్పిన. "అంత లంబాచోడ ఎందుకు తమ్మీ, ఐదొందలు ఎక్కువిస్తే దిగుతరు" అన్నడు. సోమవారం స్టాఫ్‌రూంల టీ తాగుకుంట పని అయిపోయిందన్నడు. దిగిందెవరన్నా అని అడిగితే, "ఏమో, ఎవరో పిలగాడు" అన్నడు.

అడుగు గట్టిపడ్డది. మనిషి దిగాలె. ఈ రెండు వాక్యాల నడుమ ఏం జరిగిందో తెలుసుకుంటే చాలు, ఈ దేశంలో మనవాళ్లు ట్యాంకుల్లో ఎందుకు చస్తున్నరో తెలిసిపోతుంది. అందుకని కొంచెంసేపు పాఠం చెప్తాను. విప్లవం గురించి కాదు, ట్యాంకు గురించి.

సెప్టిక్ ట్యాంకు అంటే గోడలకూ అడుగుకూ సిమెంటు పూసిన, చుక్క నీరు కారని తొట్టి. లోపల అడ్డగోడ ఉండి రెండు గదులుండాలె. లెట్రిన్ నుంచి వచ్చినదంతా మొదటి గదిలో పడి కదలకుండా నిలవాలె. బరువైనది కిందికి దిగి మడ్డి అవుతుంది. జిడ్డు మీదికి తేలి పాల మీద మీగడ లెక్క తెట్టు కడుతుంది. నడుమనున్న నీళ్లు మాత్రమే రెండో గదిలోకి, అక్కడినుంచి టీ ఆకారం పైపు గుండా ఇంకుడు గుంతకు పోవాలె. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు ఆ మడ్డిని మెల్లమెల్లగా తింటయి. అంతా తినవు. తినగా మిగిలింది ఏడాదికేడాది పేరుకుంటుంది. అందుకే రెండు మూడేండ్లకోసారి తీయించాలె. ఇందులో రహస్యమేమీ లేదు. 1985లోనే భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 2470 అనే పేరుతో అచ్చేసి పెట్టింది. ఐదుగురున్న ఇంటికి ఒకటిన్నర మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు సరిపోతుంది. వెయ్యి లీటర్లకు తగ్గొద్దు. గాలిగొట్టం ఉండాలె. ఇంకుడు గుంత తాగునీటి బావికి 18 మీటర్ల దూరంలో ఉండాలె. మూత తీయరావాలె. వాయవ్యం ఊసు అందులో లేదు.

మా దిక్కు కట్టేది ఇది కాదు. పది పన్నెండు ఫీట్ల లోతు గుంత తవ్వి, చుట్టూ రాయి కట్టి, అడుగున సిమెంటు వేయకుండా వదిలేస్తరు. అడ్డగోడ ఉండదు. పైన స్లాబు. "మాది ఇరవై ఏండ్లాయె, ఒక్కసారి తీయలే" అని మీసం తిప్పుతరు. నిండని ట్యాంకు గొప్ప ట్యాంకు కాదు, కారే ట్యాంకు. జహీరాబాదు నేల ఎర్రనేల, చాలాచోట్ల కింద ఉన్నది తూట్లు తూట్ల ఎర్రరాయి. పక్కనున్న బీదరులో నౌబాద్ దగ్గర అదే రాయిని తొలిచి పాతకాలంలో సురంగ బావులు చేసిండ్రు. ఆ రాయిల నీళ్లు ఎట్ల నడుస్తయో వాళ్లకు తెలుసు. అసుంటి నేలలో అడుగులేని గుంత తవ్వి, అదే జాగలో ఇంకో మూల బోరు వేసి, ఆ నీళ్లను మిషనుతో వడగట్టి తాగుతున్నరు. మడి కట్టుకునే ఇండ్లు కూడా. మాదిగోని చెంబు తాకితే మైలపడ్డ నీళ్లు దీనికి మైలపడవు.

నీళ్లు కారిపోంగ మిగిలిన మడ్డి ఇరవై ఏండ్లల్ల రొచ్చురాయి అయితది. దానికి తోడు ఇంట్లవాళ్లు లెట్రిన్లో వేసేవి: ప్యాడ్లు, గుడ్డపేలికలు, వెంట్రుకలు, గుట్కా పొట్లాలు, ప్లాస్టిక్ కవర్లు. దాని మీద నెలకోసారి ఆసిడ్ సీసా. మడ్డిని తినే సూక్ష్మజీవులు ఆ ఆసిడ్‌కు చస్తయి. అవి చేయని పనంతా మనిషి మీద పడుతుంది. బండి పైపులో ప్యాడు అడ్డం పడగానే డ్రైవరు యజమాని మొహం చూస్తడు. యజమాని మా వాడ దిక్కు చూస్తడు. మూడేండ్లకోసారి తీయించి, చెత్త వేయకుండా ఉంటే బండి పైపు సరిపోయేది. అట్ల చేయకపోవటం బద్ధకం అంటే నేను ఒప్పుకోను. ఆఖరుకు ఎవడో ఒకడు దిగుతడనే ధీమా అది. మా పీనుగుల మీద పెట్టుకున్న ధీమా.

ట్రాక్టర్లు తయారయ్యే ఊరు మాది. ఇక్కడ ట్రాక్టరుకు తగిలించే ట్యాంకరుకు ఏనాడూ కరువు లేదు.

దిగినవాడికి ఏమైతదో కూడా చెప్పాలె. మడ్డి కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, మీథేన్ పుడుతుంది. మొదటిది గాలికంటే బరువు, అడుగున పడుకోని ఉంటది. కొంచెం ఉంటే మురిగిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కే చచ్చిపోయి వాసన తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు రెండు పీల్పులకు కూలిపోతడు. మీథేన్‌కు అగ్గిపుల్ల చాలు. పైనున్న తమ్ముడో బామ్మర్దో "అన్నా" అని దూకుతడు, వాడూ లేవడు. చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక కోళ్ల పరిశ్రమలో 2017 జూన్‌లో ఇట్లనే ఏడుగురు పోయిండ్రు. హైదరాబాదు కొండాపూర్‌లో 2021 నవంబరులో అపార్ట్‌మెంటు ట్యాంకులో ఇద్దరు పోయిండ్రు. మరునాడు పేపర్లు ఊపిరాడక మృతి అని రాస్తయి. ఊపిరి తనంతట తానే ఆడకుండా పోయినట్టు.

మా చిన్నాయిన ఈ పని చేసిండు. రెండో తరగతి చదివిండు. పగలు కూలి, రాత్రి ట్యాంకు. రాత్రే పిలిచేటోళ్లు, పగలైతే పక్కింటోళ్లు తిడతరని. మూత మీద గడ్డపారతో రెండు దెబ్బలు కొట్టి ఆ చప్పుడును బట్టి లోపల ఎంతుందో చెప్పేటోడు. "ఫలానా మేస్త్రీ కట్టిన వాటిల్ల అడ్డగోడనే ఉండది కొడుకా, ఇటుక పైసలు తిన్నడు" అనేటోడు. మధ్యాహ్నమే మూత తీపిచ్చి పొద్దుగూకేదాంక ఆగేటోడు. ఎందుకే అంటే లోపలి గాలి చెడ్డది, దాన్ని పోనియ్యాలె అనేటోడు. నేను డిగ్రీల ఫార్ములాతో నేర్చుకున్న వాయువు ఆయనకు పేరు లేకుండానే ఎరుక. ఆయనకు ఎవరూ చెప్పనిదేందంటే, మూత తీస్తే పైపైనున్నదే పోతది. మడ్డిని కెలికినప్పుడు లోపలున్నది బుగ్గలు బుగ్గలుగ మళ్లీ లేస్తది. రెండుసార్లు ఆయనను తాడుతో గుంజి బయటేసిండ్రు. రెండుసార్లూ మరునాడు కూలికి పోయిండు.

దిగేముందు తాగేటోడు. తాగకుండ ఎవరూ దిగలేరు. ఇది ఇంటి యజమానులకు తెలుసు. క్వార్టరు సీసా వాళ్లే తెప్పించేటోళ్లు. కూలి దగ్గర గంట బేరమాడేటోళ్లు, సీసా దగ్గర బేరం లేదు. పని అయినంక చేదబావి కాడికి రానియ్యక దూరంనుంచి బకెటు నీళ్లు కుమ్మరించేటోళ్లు. సబ్బుబిళ్ల మా చిన్నమ్మ కొంగున కట్టి పంపేది. ఇంటికొచ్చినంక ఆమె మళ్లీ వాకిట్ల కూసోబెట్టి బిందెలకు బిందెలు పోసేది. ఎంత తోమినా అన్నం ముందు కూసుంటే చేతికి అదే వాసన. అందుకే ఆయన చెంచాతోని తినేటోడు. మా వాడల చెంచాతో అన్నం తిన్న మనిషి ఆయనొక్కడే. ఎందుకో తెలియని పిలగాండ్లం మేం, దొర లెక్క తింటుండని నవ్వేటోళ్లం.

నా బీఎడ్ ఫీజుల సగం ఆ చేతుల నుంచే వచ్చింది. నలభై ఆరేండ్లకు లివరు చెడి గవర్నమెంటు దవాఖానల పోయిండు. తాగుబోతు అన్నరు. సీసా ఎవరు తెప్పించిండ్రో ఎవరూ అనలే.

ట్యాంకుల చచ్చిపోయినోనికి చట్టంల ఒక లెక్క ఉంది. 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపితే రెండో చట్టం కింద మొదటి నేరానికి రెండేండ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మున్సిపాలిటీకే కాదు, ఇంటి యజమానికి కూడా. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి పది లక్షలియ్యాలన్నది. 2023 అక్టోబరులో ఇంకో తీర్పులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఆ ఆందోళన్‌ను నడిపించిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల కాడ తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినవాడు. దానికి అండగా నిలబడ్డ ఎస్.ఆర్. శంకరన్ మన దగ్గర పనిచేసిన కలెక్టరు. వాళ్లు కొట్లాడి తెచ్చిన లెక్క అది. ఆ లెక్కను కూడా ఎట్ల తుడిచిండ్రో చూడండి: 2021 జూలైలో కేంద్రమంత్రి పార్లమెంటులో పాకీ పని వల్ల ఎవరూ చనిపోలేదని జవాబిచ్చిండు. మురుగుకాల్వలో, ట్యాంకులో చనిపోవటం వేరే ఖాతా అట. ఖాతా మార్చి రాస్తే శవం లేకుండ పోయింది. ఇంక మంచంల పడి, మెల్లగ చచ్చిన మా చిన్నాయిన ఏ ఖాతాలోకి వస్తడు?

మనకు నేర్పాలని చూసినోళ్లు కూడా ఉన్నరు. 1936 నవంబరులో గాంధీ 'హరిజన్' పత్రికలో ఆదర్శ భంగీ ఎట్లుండాలో రాసిండు. మంచి లెట్రిన్ ఎట్ల కట్టాలె, ఎట్ల శుభ్రం చేయాలె, వాసన ఎట్ల పోగొట్టాలె, మలాన్ని ఎరువు ఎట్ల చేయాలె, ఇవన్నీ భంగీకి తెలిసి ఉండాలన్నడు. గాంధీ తన లెట్రిన్ తాను కడుక్కున్నడు, కాదనను. సిలబస్ కూడా బాగుంది. నేను పంతులుగ మార్కులేస్తే నూటికి తొంభై వేస్త. కాని క్లాసు మారింది. ఆ పాఠం చదవాల్సింది ఎత్తిపోసేటోడు కాదు, దొడ్డికి కూసుండేటోడు. అంబేద్కర్ 1945లో కాంగ్రెసూ గాంధీ అంటరానివాళ్లకు ఏంచేసిండ్రని పుస్తకమే రాసి, ఈ పనిని గొప్ప సేవగా పొగడటంలో ఉన్న మోసాన్ని బయటపెట్టిండు.

2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో ఒక ముచ్చట జరిగింది. కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ జంట గుంతల లెట్రిన్ గుంతలోకి దిగి ఎరువు ఎత్తిండు. ఫొటోలు దేశమంతా తిరిగినయి, ప్రధానమంత్రి రేడియోలో మెచ్చుకున్నడు. ఆ పని తప్పని నేననను. జంట గుంతల్లో ఒకటి నిండితే పైపును రెండోదానికి తిప్పుతరు. మొదటిదాన్ని ఏడాదికి పైగా మూసిపెడితే లోపలున్నది వాసన లేని పొడి మట్టి అవుతుంది. దాన్ని ఎవరైనా ఎత్తొచ్చని చూపించటానికే ఆయన దిగిండు. మంచిదే. అయ్యర్ దిగింది ఎరువుల, మా చిన్నాయిన దిగింది పెంటల. ఒక్కరోజు దిగినాయన పేరు మీకు తెలుసు. సరే, ఎవరైనా ఎత్తొచ్చని తేలింది కదా, మరి ఆ ఫొటో చూసి చప్పట్లు కొట్టిన ఇండ్లల్ల ఎంతమంది తమ గుంత మూత తీసి చూసుకున్నరు?

మనవాళ్లకు కూడా ఒక మాట. కోపం రావొచ్చు, రానీ. రిజర్వేషనుతో ఉద్యోగమొచ్చి కాలనీలో ప్లాటు కొని, హాల్లో అంబేద్కర్ పటం పెట్టుకున్న ఇండ్లు నాకు తెలుసు. వాటి కిందా అదే అడుగులేని గుంత. దాని మీదా అవే టైల్స్. నిండినప్పుడు వాళ్లూ ఎవరన్న పిలగాండ్లుంటే పంపమనే అంటున్నరు, కాకపోతే కొంచెం చిన్న గొంతుతో. పొద్దున సభలో బ్రాహ్మణవాదం మీద మాట్లాడి, రాత్రి ఇంకో మాదిగ పిలగాన్నో, బతుకుదెరువుకు వచ్చిన ఇంకో రాష్ట్రం దళితున్నో దింపితే ఆ ఉపన్యాసం ఎవరికోసం? డప్పు, చెప్పు, చీపురు మన కవిత్వంలోకి వచ్చినయి. బాగున్నయి. ట్యాంకు కొలతలు కూడా మన చదువులోకి రావాలె.

నేను ఇల్లు కట్టుకున్నప్పుడు రెండు గదులకు రెండు మూతలు నేలమట్టం మీదికి పెట్టించిన. మేస్త్రీ మొత్తుకున్నడు, చూడ బాగుండదని. ఏడాదికోసారి పొడుగు కట్టెకు తెల్లగుడ్డ చుట్టి మూత సందులోంచి అడుగుదాంక దించి తీస్తా. నల్లగ మడ్డి అంటినంత మేర కొలుస్తా. నీటి లోతులో మూడోవంతుకు వస్తే బండికి ఫోను. అప్పుడు మొహం మూత మీద పెట్టి చూడొద్దు, బీడీ అగ్గి దగ్గరికి రావొద్దు, పిల్లలు దూరముండాలె. ఐదు నిమిషాల పని. బండోణ్ని ఎక్కడ పోస్తవని కూడా అడుగుత. ఎందుకంటే ఇండ్లల్లనుంచి గుంజింది చివరికి ఊరవతల వాగుల, అంటే మా వాడల దిక్కే తేలుతుంది. వరంగల్ కార్పొరేషన్ 2016లోనే దీనికి నిబంధనలు చేసి, తర్వాత శుద్ధి కేంద్రం కట్టింది. చెయ్యాలనుకుంటే అయ్యే పనే.

బడిలో జీర్ణవ్యవస్థ చార్టు నోటి దగ్గర మొదలై మలద్వారం దగ్గర ఆగుతుంది. నేను అక్కడ ఆపను. బోర్డు మీద పైపు గీస్తా, ట్యాంకు గీస్తా, మడ్డి, తెట్టు, గాలిగొట్టం పేర్లు రాయిస్తా. పిల్లలు ఛీ అని నవ్వుతరు. నవ్వేది ఎవరో, తలకాయ దించుకునేది ఎవరో చూస్తే చాలు, హాజరుపట్టీల కులం కాలం అవసరం లేదు. మూత ఎక్కడుందో, ఆఖరుకు ఏ సంవత్సరం తీసిండ్రో ఇంట్ల అడిగి రమ్మని ఒకసారి హోంవర్కిచ్చిన. ఒక్క పిల్లనే రెండింటికీ జవాబు తెచ్చింది. వాళ్ల నాయిన ట్యాంకరు డ్రైవరు. మర్నాడు ఇంకో పిల్లగాని తండ్రి బడికొచ్చి, "సారూ, పిల్లలకు సైన్సు చెప్పుండ్రి, పాకీ పని ఎందుకు చెప్తున్నరు" అన్నడు. ఇది సైన్సే అని చెప్పిన. ఆయన నా మొహం చూసి, మీరు అట్లనే అంటరు తీయ్ అన్నట్టు నవ్విండు.

ఈ పుస్తకం చదివే విద్యార్థుల్లో చాలామంది ఎస్సీ హాస్టళ్లలో ఉంటరు. మీ హాస్టలుకు ట్యాంకుంది. వందమంది, రెండువందలమంది వాడే ట్యాంకు అది. మూత ఎక్కడుందో వెతకండి, తెరవకండి. ఎన్ని గదులు, ఎంత కొలత అని వార్డెన్‌ను అడగండి. ఆయన చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల దరఖాస్తు. చివరిసారి ఏ తేదీన తీయించిండ్రు, బండితోనా మనిషితోనా, బిల్లు ఎంత, ఎక్కడ పారబోసిండ్రు అని రాయండి. మనిషితోనే అయితే అతని పేరేందని అడగండి.